వెనక బ్రేకులో ఒక ప్యాడే ముందు తాకుతోంది, ఎలా సరిచేయాలి?

మీరు అడిగింది ఇదీ: ట్రయల్స్ సైకిల్ (కాలు నేలకి ఆనించకుండా అడ్డంకుల మీద గెంతుతూ తొక్కేది), వెనక చక్రానికి హైడ్రాలిక్ రిమ్ బ్రేకు, అంటే నూనె ఒత్తిడితో రెండు ప్యాడ్లు రిమ్ముని అటూ ఇటూ పట్టేది. లివరు నొక్కగానే ఎడమ ప్యాడ్ వచ్చి రిమ్ముకి తాకుతుంది, కుడిది ఆ తర్వాత నింపాదిగా వస్తుంది. ఎడమ ప్యాడ్ మీద స్పోకుల వైపు అంచు మాత్రమే అరుగుతోంది. బోల్టులు ఎన్నిసార్లు విప్పి బిగించినా మళ్లీ అదే తంతు.

ఈ రెండింటినీ కలిపి చూస్తే పని తెమలదు. ఒక ప్యాడ్ ముందు రావడం చాలావరకు జబ్బే కాదు. ఒక అంచే అరగడం మాత్రం కచ్చితంగా జబ్బు. నేను ఈ రకం బ్రేకులతోనే చాలాకాలంగా తొక్కుతున్నాను, తోటివాళ్ల సైకిళ్లూ సరిచేసి పెడుతుంటాను. పిస్టన్ల పరుగుపందెం చూస్తూ గంటలు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

ముందు ఆ పందెం సంగతి. మగురా 1987లో తెచ్చిన హైడ్రాలిక్ రిమ్ బ్రేకు దగ్గర్నుంచి ఇప్పటి ట్రయల్స్ బ్రేకుల దాకా పద్ధతి ఒకటే: ఒక లివరు, రెండు చిన్న సిలిండర్లు, మధ్యలో ఒకే నూనె. ఒక్కో సిలిండరులో ప్యాడ్‌ని తోసే పిస్టన్ ఒకటి, నూనె కారకుండా దాని చుట్టూ రబ్బరు సీలు ఉంటాయి. రెండు పిస్టన్లలో దేని సీలు తక్కువ బిగుతుగా ఉంటే అది ముందు కదులుతుంది. అది రిమ్ముకి తగిలి ఆగాక నూనె రెండో వైపు తోస్తుంది. రెండూ తగిలాకే అసలు ఒత్తిడి పుడుతుంది, ఆ ఒత్తిడి రెండు వైపులా సమానమే. కాబట్టి ఎడమది అరక్షణం ముందొస్తే పట్టులో తేడా ఏమీ రాదు. తేడా వచ్చేది మూడు సందర్భాల్లో: లివరు వదిలాక ఒక ప్యాడ్ రిమ్ముని రాస్తూ ఉండిపోయినప్పుడు, లివరు పూర్తిగా నొక్కినప్పుడు రిమ్ము కంటికి కనిపించేంతగా ఒక పక్కకి ఒరిగినప్పుడు, ప్యాడ్ ముఖం రిమ్ము మీద పూర్తిగా ఆననప్పుడు. మీది మూడోది. మొదటి రెండూ లేవని కూడా ఒకసారి చూసుకోండి.

బ్రేకు ముట్టుకునేముందు చక్రం చూడాలి. ట్రయల్స్ ఫ్రేముల్లో వెనక ఇరుసు కూర్చునే గాడి పొడవుగా ఉంటుంది, చైను బిగువు కోసం నత్తగుల్ల ఆకారపు క్యాములు తిప్పి చక్రాన్ని వెనక్కి జరుపుతాం. రెండు వైపులా క్యాములు ఒకే మెట్టు మీద లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. చక్రం వంకరగా ఉండగా ప్యాడ్లు ఎంత శ్రద్ధగా కూర్చినా వృథా. ఇరుసు బోల్టులు సడలించి, రిమ్ము రెండు స్టేల (చక్రానికి అటూ ఇటూ ఉండే ఫ్రేము గొట్టాల) మధ్య సరిగ్గా నడిమధ్యన ఉందా అని చూసి, అప్పుడు బిగించండి. క్యాము అంకెల్ని గుడ్డిగా నమ్మకండి, ఫ్రేము గాడులే వెంట్రుకవాసి తేడాగా ఉండొచ్చు. కంటికి కనిపించే సందే ప్రమాణం. రిమ్ము వంకర ఉంటే స్పోకులు సరిచేశాకే ముందుకి. పట్టు కోసం గ్రైండరు పెట్టి గరుకు చేసిన రిమ్ము అయితే రెండు గోడల గరుకూ ఒకేలా ఉందా అని వేలితో తడిమి చూడండి. ఒక పక్క అరిగి నున్నబడితే ఆ పక్క పట్టు తగ్గుతుంది, దాన్ని ప్యాడ్ కూర్పులో తప్పు అనుకుంటాం. గోడ బాగా పలచబడిన రిమ్మునైతే ఇక వాడకూడదు.

ఇప్పుడు కుడి పిస్టన్ ఎందుకు బద్ధకిస్తోందో ఒక చిన్న పరీక్ష. కుడి క్లాంపు (సిలిండరుని ఫ్రేముకి పట్టి ఉంచే పట్టీ) బోల్టుల్ని పావు చుట్టు సడలించి లివరు మెల్లగా నొక్కండి. కుడిది ఇప్పుడు చురుగ్గా వస్తే సిలిండరుని క్లాంపు పిసికేస్తోందన్నమాట. గట్టిగా బిగిస్తే బ్రేకు గట్టిగా పడుతుందన్న భ్రమ మనవాళ్లలో బాగా ఉంది. సిలిండరు గోడ పలచన, క్లాంపు అతిగా బిగిస్తే లోపల పిస్టన్ రాసుకుంటుంది. పైగా ఫ్రేములో ఆ బోల్టులు దిగే మర ఉండేది అల్యూమినియంలో. అది ఒకసారి చెడిందంటే బ్రేకు పని కాస్తా ఫ్రేము పని అవుతుంది. సిలిండరు జారకుండా ఉండేంత బిగువు చాలు.

క్లాంపు సడలించినా కుడిది కదలకపోతే, ఎడమ ప్యాడ్‌ని రిమ్ముకి ఆనించి కదలకుండా చేత్తో అదిమిపట్టి లివరు పదేపదే నొక్కండి. నూనెకి వేరే దారి ఉండదు, కుడి పిస్టన్ రాక తప్పదు. బయటికొచ్చిన పిస్టన్ చుట్టూ మట్టి తుడిచి, బ్రేకులో వాడే నూనెనే ఒక చుక్క రాసి, వేలితో లోపలికి నెట్టండి. ఇలా కొన్నిసార్లు చేస్తే సీలు మళ్లీ జారుడు పట్టుకుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: ఈ బ్రేకుల సీళ్లు మినరల్ నూనె కోసం చేసినవి. కార్లలో, మోటారుసైకిళ్లలో వాడే డాట్ బ్రేకు నూనె చుక్క కూడా తగలనివ్వకండి, సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ట్రయల్స్‌వాళ్లు కొందరు నూనె బదులు నీళ్లు పోస్తారు, లివరు చురుగ్గా ఉంటుందని. అది వేరే చర్చ, దానివల్ల ప్యాడ్లు సమానం కావు.

ఇక అసలు కూర్పు. లివరు దగ్గర ప్యాడ్లను దగ్గరికి తెచ్చే తిప్పుడు మర ఉంటుంది కదా, దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పేయండి. ఆ మర ప్యాడ్లు అరిగేకొద్దీ వాడుకోవడానికి. సమానం చేయడానికి అది పనికిరాదు, ఎందుకంటే అది తోసే నూనె కూడా సులువుగా కదిలే పిస్టన్ వైపే ముందు పోతుంది. రెండు పిస్టన్లనూ లోపలికి నెట్టండి. నాలుగు బోల్టులూ సిలిండరు చేత్తో కదిలేంత వదులు చేయండి.

తర్వాత పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి కత్తిరించి, రెండు ప్యాడ్లకీ రిమ్ముకీ మధ్య ఒక్కో ముక్క పెట్టండి. మామూలు కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది. నాకు లివరు కాస్త నొక్కగానే బ్రేకు పట్టడం ఇష్టం, చక్రం ఊగకుండా తిరిగితే ఒక ముక్కే చాలు. రిమ్ము కాస్త ఊగుతుంటే రెండు ముక్కలు కలిపి పెట్టండి. సిలిండర్లను రెండు చేతులతో ఒకేసారి లోపలికి అదిమి, కార్డులు బిగుసుకున్నాక బోల్టులు వేలి బిగువుకి తెచ్చుకోండి. చక్రాన్ని ఏ పక్కకీ నెట్టకుండా అదమాలి. ఒక చేయి బలంగా ఉంటే రిమ్ము అటు జరిగి, కార్డులు తీశాక సందులు తేడాగా వస్తాయి.

బిగించే తీరులోనే చాలామంది పని పాడవుతుంది. నాలుగు బోల్టుల క్లాంపులో ఒక్కో సిలిండరుకి అటొకటి ఇటొకటి బోల్టులుంటాయి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే, ఆఖరి బిగింపులో సిలిండరు ఆ ఉన్న కాస్త వదులులోనే పక్కకి తిరిగిపోతుంది, దాంతోపాటే ప్యాడ్ ముఖం వాలుతుంది. అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు వంతున బిగించుకుంటూ పోవాలి. మధ్యలో ప్యాడ్‌ని టైరు వైపు నుంచీ స్పోకుల వైపు నుంచీ చూస్తుండండి. క్లాంపుకీ ఫ్రేముకీ మధ్య సందు రెండు బోల్టుల దగ్గరా ఒకేలా కనిపించాలి. మీది రెండు బోల్టుల రకం, అంటే మామూలు వి-బ్రేకు (కేబులు లాగితే రెండు చేతులు రిమ్ముని నొక్కేది) కోసం ఫ్రేముకి ఉండే పెగ్గుల మీద కూర్చునేది అయితే, సిలిండరుని పట్టే అడాప్టరు పెగ్గు మీద పక్కలకి వాలగలదు. అక్కడ కోణం దొరకడం కాస్త సులువు, నిలబెట్టడం కాస్త కష్టం.

ఎత్తు సంగతి క్లుప్తంగా: ప్యాడ్ టైరుని తాకకూడదు, రిమ్ము అంచు దాటి కిందికీ వేలాడకూడదు. వేలాడితే అరగని భాగం పెదవిలా మిగిలిపోయి, తర్వాత రిమ్ముకి కొక్కెంలా పట్టుకుంటుంది. ఈ పిస్టన్లు సూటిగా వచ్చి సూటిగా వెళ్తాయి కాబట్టి ప్యాడ్ అరిగినా ఎత్తు మారదు, ఒకసారి సరిగ్గా పెడితే చాలు. వి-బ్రేకు చేతులు వంపు తిరుగుతూ వస్తాయి, వాటిని మధ్యమధ్యలో చూసుకోవాలి.

ఇప్పుడు మీ స్పోకుల వైపు అంచు అరుగుడు. దీనికి కారణం బహుశా ఫ్రేము విచ్చుకోవడమే. లివరు గట్టిగా నొక్కినప్పుడు ప్యాడ్లు రిమ్ముని నొక్కినంత బలంగానే సిలిండర్లు స్టేలను బయటికి తోస్తాయి. పెగ్గుల రకంలో పెగ్గు రిమ్ము కంటే హబ్బుకి దగ్గరగా ఉంటుంది, తోపుడు మాత్రం రిమ్ము దగ్గర పడుతుంది. దాంతో సిలిండరు టైరు వైపు బయటికి ఒరుగుతుంది, స్పోకుల వైపు అంచు మీదే భారం మిగులుతుంది. మెల్లగా నొక్కి చూసినప్పుడు ప్యాడ్ చక్కగా ఆనినట్టే ఉంటుంది. పూర్తి బలంతో నొక్కినప్పుడు చూస్తేనే తేడా తెలుస్తుంది, మనం గెంతేది కూడా ఆ బలంతోనే. అందుకే ఎవరినైనా లివరు పూర్తిగా నొక్కి పట్టుకోమని, మీరు వెనక కూర్చుని ప్యాడ్ అంచుల్ని చూడండి. స్టేలు కదలడం మీ కంటికే కనిపిస్తే, సిలిండర్లను కలిపే బూస్టరు పట్టీ లేకపోతే వేసుకోండి, ఉంటే దాని బోల్టులు చూడండి. నా పాత ఫ్రేముకి గట్టి బూస్టరు వేశాక ప్యాడ్లు సమంగా అరగడం మొదలైంది, వేరే ఏ సర్దుబాటూ అంత తేడా తేలేదు.

బూస్టరు ఉన్నా కాస్త ఒరుగుడు మిగిలితే, మెల్లగా నొక్కినప్పుడు టైరు వైపు అంచు వెంట్రుకవాసి ముందు తాకేలా కూర్చండి. పూర్తి బలం పడ్డప్పుడు ముఖం మొత్తం ఆనుతుంది. మార్కరు పెన్నుతో ప్యాడ్ ముఖానికి రంగు పూసి, బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఒకసారి కుదపండి. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడే ఆనుతోంది.

రోడ్డు సైకిల్ మెకానిక్కులు ప్యాడ్ ముందు కొనని రిమ్ముకి కాస్త దగ్గరగా పెట్టమంటారు, కీచుమనకుండా. ట్రయల్స్‌కి ఆ సలహా వద్దు. మన బ్రేకు చక్రం ముందుకి పోకుండానే కాదు, వెనక్కి జారకుండా కూడా పట్టాలి. వెనక చక్రం మీద నిలబడినప్పుడు రెండు దిక్కులూ సమానమే. ముఖం మొత్తం ఒకేసారి తాకాలి, అరిస్తే అరవనివ్వండి.

ఇప్పటికే వాలుగా అరిగిన ఎడమ ప్యాడ్‌ని అలాగే పెట్టి కోణం సరిచేయకండి. దాని వాలుని బట్టి సిలిండరుని వాల్చుకుంటారు, కొత్త ప్యాడ్ వేసిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. ప్యాడ్ లాగేస్తే పిస్టన్ మీంచి ఊడొస్తుంది. చదునైన గాజు మీద గరుకు కాగితం పరిచి, ఎనభై నంబరుది చాలు, ముఖం సమంగా వచ్చేదాకా రుద్దండి. రెండు ప్యాడ్ల మందం దగ్గర్లో ఉండాలి. బాగా తేడా ఉంటే జతే మార్చేయండి. వెనక భాగం ప్లాస్టిక్‌తో చేసిన ప్యాడ్లు కాస్త వంగి చిన్నాచితకా తేడాల్ని కప్పేస్తాయి. వెనక భాగం లోహంతో చేసినవి అస్సలు క్షమించవు, పట్టు మాత్రం వాటిదే బాగుంటుంది.

అన్నీ అయ్యాక కార్డులు తీసేసి చక్రం తిప్పండి. ఎక్కడా రాయకపోతే లివరు దగ్గరి మరతో మీకు నచ్చిన చోటికి తెచ్చుకోండి. మొదటిసారి తొక్కి వచ్చాక బోల్టులు మళ్లీ ఒకసారి చూడండి, గెంతుల అదుర్లకి సడలుతాయి. చైను బిగించిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది కాబట్టి ప్యాడ్ రిమ్ము మీద కూర్చునే చోటూ మారుతుంది, అప్పుడు ఎత్తు, సందు రెండూ తప్పక చూసుకోవాలి.

ఇదంతా చేసినా కుడి పిస్టన్ మొరాయిస్తూ, లివరు మెత్తగా స్పాంజిలా అనిపిస్తే లోపల గాలి చేరింది, నూనె మార్చి గాలి తీయించండి. లివరు గట్టిగానే ఉండి పిస్టన్ మాత్రం కదలకపోతే సీలు అరిగినట్టే. ఆ ఒక్క సిలిండరు మారిస్తే సరిపోతుంది, మొత్తం బ్రేకు కొనమని ఎవరైనా చెప్తే వినకండి.