‘ఆట బాగుంది, బిహేవియరే బాగోలేదు’ అని టీమ్‌లోకి తీసుకోలేదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. భీమవరంలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నలుగురేసి టీమ్‌గా ఆడే మొబైల్ షూటింగ్ గేమ్ బీజీఎంఐ ఆడతాను, మా స్క్వాడ్‌కి ఐజీఎల్, అంటే మ్యాచ్‌లో ఏం చేయాలో చెప్పే లీడర్ నేనే. హైదరాబాద్ టీమ్ ఒకటి ట్రయల్స్ పెడితే వారం రోజులు వాళ్లతో స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు) ఆడాను. కిల్స్‌లో అందరికన్నా నేనే ముందున్నాను. అయినా తీసుకోలేదు. ‘గేమ్ బాగుంది, బిహేవియర్ బాగోలేదు’ అని మేనేజర్ మెసేజ్ పెట్టారు. టెన్షన్‌లో ఎవరైనా నాలుగు మాటలు అంటారు కదా సార్? పెద్ద పెద్ద స్ట్రీమర్లే బూతులు తిడతారు. ఆట చూడాలి గానీ నోరు చూస్తారా? మా నాన్నగారేమో ఇదంతా పందెం ఆట అంటున్నారు. ఇందులో కెరీర్ ఉందా, లేకపోతే వదిలేయమంటారా?

జవాబు: తమ్ముడూ, ఆ మేనేజర్ నీకు మేలే చేశారు. చాలామంది కారణం చెప్పరు, నీ మెసేజ్ చూసి ఊరుకుంటారు. నువ్వేమో కిల్స్ లెక్క చెప్పి వాదిస్తున్నావు.

బీజీఎంఐలో నోరు కూడా ఆటలో భాగమే. నలుగురికీ కలిపి ఉన్నది ఒకటే వాయిస్ ఛానెల్. ఆట ముగిసే చివరి జోన్‌లో మీరు ఒక ఇంట్లో ఉన్నారనుకో. కిటికీ దగ్గర మీవాడొకడు నాక్ అయ్యాడు, అంటే దెబ్బ తిని కిందపడ్డాడు. అప్పుడు టీమ్‌కి కావాల్సింది ఎటు నుంచి కొట్టారు, ఎంతమంది ఉన్నారు, వాళ్లకి ఎంత డ్యామేజ్ అయింది అన్న సంగతులు. నువ్వు ‘ఒరేయ్ బాట్, నీకు చెప్పానా లేదా’ అని మొదలుపెట్టి ఐదు సెకన్లు తిట్టావంటే, ఆ ఐదు సెకన్లూ మెట్ల మీద అడుగుల చప్పుడు ఎవరికీ వినపడదు. నాక్ అయినవాడు కూడా దిక్కు చెప్పడం మానేసి, తన తప్పేం లేదని చెప్పుకోవడం మొదలెడతాడు. అక్కడితో అయిపోదు. రెండు మ్యాచ్‌లు ఇలా తిట్లు తిన్నాక వాడు నీ దగ్గర సంగతులు దాస్తాడు. చాటు కోసం విసిరే స్మోక్ బాంబులు అయిపోయినా చెప్పడు, హెల్త్ తక్కువున్నా చెప్పడు. వాడి దగ్గర స్మోక్ ఉందనుకుని నువ్వు ‘మీద పడదాం’ అని రష్ కాల్ ఇస్తావు, నలుగురూ పోతారు. ఆ ఓటమికి స్కోర్‌బోర్డులో నీ పేరు పడదు గానీ, ట్రయల్స్‌లో కూర్చుని మీ వాయిస్ విన్న కోచ్‌కి ఎక్కడ చెడిందో తెలిసిపోతుంది. మామూలు ప్లేయర్ అయితే కొంత సర్దుకునేవారేమో. ఐజీఎల్ నోరు జారితే మిగతా ముగ్గురి ఆటా పాడవుతుంది.

ఇంకో సంగతి మన జిల్లాల వాళ్లకే చెప్పాలి. మనకి వెటకారం పుట్టుకతో వస్తుంది. పాలకొల్లు కుర్రాడు నర్సాపురం కుర్రాణ్ణి ‘ఆయ్, తమరు పడుకోండి, మేం ఆడుకుంటాం’ అంటే ఇద్దరూ నవ్వుకుంటారు. అదే మాట వాయిస్ చాట్‌లో, ముఖం కూడా చూడని వరంగల్ కుర్రాడికో, తెలుగు సగమే అర్థమయ్యే హిందీ కుర్రాడికో చెప్తే అవమానంలా తగులుతుంది. ‘నేను సరదాకే అన్నాను’ అని నువ్వు నిజంగానే నమ్ముతూ ఉండొచ్చు. అలవాటైన స్క్వాడ్‌తో ఎలాగైనా మాట్లాడుకో. కొత్తవాళ్లతో ఆడేటప్పుడు మాత్రం వెటకారాన్ని జేబులో పెట్టుకో. గెలిచాక చాట్‌లో ‘ఈజీ’ అని రాయడం కూడా ఈ కోవలోదే. ఓవర్‌వాచ్ అనే గేమ్‌లో ఎవరైనా ‘జీజీ ఈజీ’ (తేలిగ్గా గెలిచాం అనే వెక్కిరింపు) అని టైప్ చేస్తే, దాని బదులు ‘నా నిద్ర టైమ్ దాటిపోయింది, మా అమ్మకి చెప్పకండి’ లాంటి వాక్యం అందరికీ కనపడేలా కంపెనీవాళ్లు ఏర్పాటు చేశారు. ఆ ఐడియా వచ్చినవాడు అమెరికాలో పుట్టిన గోదావరివాడేమో అని నా అనుమానం.

స్ట్రీమర్ల మాట ఎత్తావు కాబట్టి, అందరికీ తెలిసిన ఎక్స్‌క్యూసీ కథే చూద్దాం. కెనడా కుర్రాడు, 2018లో ఓవర్‌వాచ్ లీగ్‌లో డల్లాస్ ఫ్యూయెల్ టీమ్‌కి ఆడాడు. ఆటలో అతనికి వంక పెట్టినవాళ్లు తక్కువ. జనవరిలో తన స్ట్రీమ్‌లో ఎదుటి టీమ్ ఆటగాణ్ణి స్వలింగ సంపర్కుడని ఎద్దేవా చేసినందుకు లీగ్ 2,000 డాలర్ల జరిమానా వేసి 4 మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది. మార్చిలో మళ్లీ నోరు జారాడు. ఈసారి 4,000 డాలర్లు, ఇంకో 4 మ్యాచ్‌లు. ఆ వెంటనే టీమ్ కూడా అతన్ని వదిలేసింది. మొదటి సీజన్ ముగియకుండానే లీగ్‌లో అతని ఆట ముగిసిపోయింది.

‘తర్వాత అతను ప్రపంచంలోనే పెద్ద స్ట్రీమర్లలో ఒకడయ్యాడు కదా’ అంటావు. నిజమే, అయ్యాడు. కానీ నువ్వు అడిగింది టీమ్‌లో ప్లేయర్ ఉద్యోగం, అతను పోగొట్టుకున్నది సరిగ్గా ఆ ఉద్యోగమే. స్ట్రీమింగ్ వేరే వ్యాపారం. అక్కడ తిట్టు కూడా సరుకే, వ్యూస్ తెస్తుంది. టీమ్‌కి స్పాన్సర్ ఉంటాడు. ఆ కంపెనీ లోగో నీ జెర్సీ మీద ఉండగా నువ్వు తల్లి పేరెత్తి తిట్టిన క్లిప్ బయటికొస్తే, మీ మేనేజర్‌కి వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. స్ట్రీమర్‌ని చూసి మాట నేర్చుకుని ప్లేయర్ ఉద్యోగానికి వెళ్లావు, చిక్కంతా అక్కడొచ్చింది.

కులం పేరుతో తిట్లు, మైక్ ఆన్ చేసిన అమ్మాయిని ఆట పట్టించడం: ఈ రెండింటినీ టెన్షన్ ఖాతాలో వేయకు. మన పక్క కుర్రాళ్ల లాబీల్లో రెండూ ఉన్నాయని నీకూ తెలుసు. కులదూషణ మీద కేసు పెట్టొచ్చు, గేమ్‌లో అన్నామంటే తప్పించుకోలేం. ఆడగలిగిన అమ్మాయిలు ఎంతమంది మైక్ మూసుకుని ఆడుతున్నారో కాస్త గమనించు.

నువ్వు అడగలేదు గానీ హాక్‌ల (ఆటలో మోసం చేసే సాఫ్ట్‌వేర్ల) సంగతి కూడా ఒక మాట. ‘తుపాకీ అదరకుండా చేసే నో రీకాయిల్ ఫైల్ ఉందిరా, దొరకదు’ అనే ఫ్రెండ్ ప్రతి హాస్టల్లోనూ ఉంటాడు. 2018 అక్టోబర్‌లో షాంఘైలో కౌంటర్ స్ట్రైక్ టోర్నీలో మన దేశపు ఆప్టిక్ ఇండియా టీమ్ ఆడుతుంటే ఫోర్‌సేకెన్ అనే ఆటగాడి మీద నిర్వాహకులకు అనుమానం వచ్చింది. కంప్యూటర్ దగ్గరికి వచ్చి చూడబోతే అతను కంగారుగా మౌస్ అందుకుని ఏదో మూసేయబోయాడు. బయటపడిన ఫైల్ పేరు ‘వర్డ్ డాట్ ఈఎక్స్ఈ’. గురి దానంతటదే కుదిరేలా చేసే ఎయిమ్ హాక్‌కి లెటర్లు టైప్ చేసుకునే సాఫ్ట్‌వేర్ పేరు పెట్టుకున్నాడు. అతనికి 5 ఏళ్ల నిషేధం పడింది. ఏ తప్పూ చేయని మిగతా నలుగురూ టీమ్ రద్దై రోడ్డున పడ్డారు.

ఇక మీ నాన్నగారి మాట. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర ఏం జరుగుతుందో చూస్తూ పెరిగిన మనిషి ‘పందెం’ అని భయపడటంలో తప్పేం లేదు. ఆయనతో గొడవపడకుండా రెండు సంగతులు చెప్పు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా, పోటీ క్రీడగా గుర్తించింది. రెండోది, మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనే ఈ-స్పోర్ట్స్‌కి తొలిసారిగా పతకాలిచ్చారు. ఆ బ్యాడ్మింటన్‌లో ఆటగాడు అతి చేస్తే అంపైర్ ముందు పసుపు కార్డు చూపిస్తాడు, తర్వాత ఎర్ర కార్డు చూపించి ఎదుటివాళ్లకి పాయింట్ ఇస్తాడు, అప్పటికీ మారకపోతే నల్ల కార్డుతో టోర్నీ నుంచే పంపేస్తారు. ఇది నాన్నగారికి చెప్పేటప్పుడు నువ్వూ విను. ఎంట్రీ ఫీజులు పోగుచేసి గెలిచినవాడికి పంచిపెట్టే రూమ్‌ల జోలికి మాత్రం వెళ్లకు. వెళ్లావంటే నాన్నగారి మాటే నిజమవుతుంది.

కెరీర్ ఉందా అంటే, ఉంది గానీ ఇరుకు. ఒక ఫైనల్‌లో 16 టీమ్‌లు, 64 మంది. జీతం మీద బతకగలిగేవాళ్లు ఆ పైవరసలోవాళ్లే. పైగా ఆట మన చేతిలో ఉండదు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ని నిషేధించారు. 2021 జులైలో దాని ఇండియా వెర్షన్‌గా బీజీఎంఐ వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. మధ్యలో ఆ పది నెలలూ దీన్నే నమ్ముకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకో. కాబట్టి బీటెక్ వదిలే ప్రసక్తే లేదు, బ్యాక్‌లాగ్ కూడా ఉండకూడదు. ప్లేయర్ కాకపోయినా తెలుగు కామెంటరీ, మ్యాచ్‌ని కెమెరాలో చూపించే అబ్జర్వర్ పని, టోర్నీ అడ్మిన్, గేమ్ టెస్టింగ్ లాంటివి ఉన్నాయి. 2024లో బీజీఎంఐ సిరీస్ ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి. అలాంటి చోట తెర వెనక పనిచేసేవాళ్ల సంఖ్య స్టేజీ మీద ఆడేవాళ్లకి తీసిపోదు. ఈ పనుల్లో దేనికీ కిల్స్ అడగరు. ఓడి చిరాకులో ఉన్న టీమ్‌తో అడ్మిన్ ఎలా మాట్లాడతాడన్నదే అతని ఉద్యోగం.

ఇప్పుడు చేయాల్సింది. రేపటి నుంచి స్క్రిమ్స్‌ని వాయిస్‌తో సహా రికార్డ్ చెయ్యి. మర్నాడు పొద్దున, కోపం తగ్గాక, గేమ్ చూడకుండా వాయిస్ ఒక్కటే విను. నువ్వు మాట్లాడిన ప్రతి ముక్కా సమాచారమా, కాల్ ఇవ్వడమా, కోపమా అన్నది రాసుకో. మొదటిసారి వింటే మనసు కష్టపడుతుంది, ఆపేయకు. ఎవరైనా నాక్ అయితే దిక్కు, దూరం, ఎంతమంది అన్నవి తప్ప వేరే మాట రాకూడదని స్క్వాడ్ అంతా కలిసి రూల్ పెట్టుకోండి. తప్పొప్పులన్నీ మ్యాచ్ అయ్యాక మాట్లాడుకోండి, అందులోనూ ముందు నీ తప్పు కాల్ గురించి నువ్వే చెప్పు. ఎదుటి టీమ్ రెచ్చగొడితే మ్యూట్ చెయ్యి, హద్దు దాటితే క్లిప్ తీసి రిపోర్ట్ కొట్టు. రాత్రి పన్నెండు దాటాక ర్యాంక్ మ్యాచ్‌లు మానెయ్. నిద్ర చాలనప్పుడే నోరు ఎక్కువ జారుతుంది.

రెండు మూడు నెలలు ఇలా ఆడాక ఆ మేనేజర్‌కి చిన్న మెసేజ్ పెట్టు: ‘సార్, మీరు చెప్పింది నిజమే. అప్పటి నుంచి దాని మీద పని చేశాను. ఈ మధ్య ఆడిన మ్యాచ్‌ల వాయిస్ రికార్డింగ్ పంపుతున్నాను, వీలైతే వినండి.’ అంతే. కిల్స్ ప్రస్తావన తేకు, ఆ రోజు ఎవరిది తప్పు అన్న మాటా ఎత్తకు. పంపేవాటిలో ఓడిపోయిన మ్యాచ్ ఒకటి తప్పకుండా ఉండాలి, కోచ్‌లు ముందు వినేది అదే. రికార్డింగ్ బయటికి పంపుతున్నానని నీ స్క్వాడ్‌కి ముందే చెప్పు. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ అడగకు. ఇంకో టీమ్ ట్రయల్స్‌కి అవే రికార్డింగ్‌లు పట్టుకుని వెళ్లు, సెమిస్టర్ పరీక్షల తేదీలు చూసుకుని మరీ.