ఇంగ్లిష్ సందేహాలు: తెలుగులో తోకకు, ఇంగ్లిష్‌లో తలకు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చోట చిక్కుపడ్డాయి: రెండు వాక్యాలను ఒకటిగా కలిపే చోట. అందుకే వాటినన్నిటినీ పక్కపక్కన పెట్టి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వి వెంట్ టు కోఠి’ అని రాస్తే కోచింగ్‌లో సార్ ‘బట్’ కొట్టేశారు. ‘వాన పడుతున్నా కానీ కోఠీ వెళ్లాం’ అనే కదా నా ఉద్దేశం. ‘బట్’ ఉంటే తప్పేంటి?
— గ్రూప్స్‌కు చదువుతున్న పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సార్ దిద్దింది సరైనదే. కారణం మీ తెలుగు వాక్యంలోనే ఉంది. ‘వాన పడుతున్నా కోఠీ వెళ్లాం’ అంటే చాలు, అర్థం పూర్తయింది. ‘పడుతున్నా’ చివరి దీర్ఘమే ‘అయినప్పటికీ’ అనే పని చేసేసింది. బడిలో అప్యర్థకం అని చదువుకున్నది దీన్నే. ఆ తర్వాత ‘కానీ’ మాట్లాడేటప్పుడు ఊతంగా వచ్చి చేరుతుంది. తెలుగు దాన్ని ఓర్చుకుంటుంది. ఇంగ్లిష్ ఓర్చుకోదు.

‘ఆల్దో’ ఏ వాక్యం ముందు చేరితే అది ఉపవాక్యం అయిపోతుంది, ఇంకో వాక్యం ఆసరా లేకుండా నిలవలేదు. ‘బట్’ అలా కాదు, సమాన హోదా ఉన్న రెండు వాక్యాలను కలుపుతుంది. ఒకే వాక్యాన్ని ఒక మాట కిందికి దించి, ఇంకో మాట సమానంగా నిలబెట్టడం కుదరదు. కాబట్టి ‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, వి వెంట్ టు కోఠి’ అనండి, లేదా ‘ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వి వెంట్ టు కోఠి’ అనండి. ‘బికాజ్’తో మొదలుపెట్టి మధ్యలో ‘సో’ వేయడమూ ఇదే తప్పు.

పరీక్షలో చూసుకోవడానికి ఒక లెక్క ఉంది. వాక్యంలో కాలాన్ని చూపే క్రియలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కలిపే మాటలు దానికి ఒకటి తక్కువ ఉండాలి. మీ వాక్యంలో ‘వాజ్ రెయినింగ్’ ఒకటి, ‘వెంట్’ ఒకటి. క్రియలు 2, కలిపే మాట 1 చాలు. మీరు 2 పెట్టారు. ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’ లాంటి చోట రాయకుండా వదిలేసిన ‘దట్’ను కూడా లెక్కలో వేసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఇక వ్యాకరణ పుస్తకాల్లో కనిపించే ‘దో... యెట్’ జంట తప్పు కాదు. అక్కడ ‘యెట్’ రెండు వాక్యాలను కలపడం లేదు, ‘అయినా సరే’ అని వత్తి చెబుతోందంతే.

అసలు విషయం ఇది. తెలుగులో కలిపే ముక్క క్రియ తోకకు అంటుకుంటుంది: వస్తే, వచ్చినా, వచ్చాక, వచ్చేదాకా, వచ్చేలోపు, రాగానే. ఇంగ్లిష్‌లో అదే ముక్క విడి మాటగా వాక్యం తలకు వస్తుంది: ఇఫ్, ఆల్దో, ఆఫ్టర్, అంటిల్, బిఫోర్, యాజ్ సూన్ యాజ్. ఇంకో తేడా కూడా గమనించండి. ‘వస్తే’లో ఎవరు వస్తే, ఎప్పుడు వస్తే అన్నది క్రియ చెప్పదు. నేను వస్తే, వాడు వస్తే, వాళ్లు వస్తే, అన్నిటికీ ఒకటే రూపం. ఇంగ్లిష్ ఉపవాక్యంలో మాత్రం కర్త, కాలం రెండూ పూర్తిగా ఉంటాయి. కింద వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి.

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా బాబు ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ అని రాస్తే మార్కు కోశారు. ‘వేర్ ఈజ్ హి’ సరైన ప్రశ్నే కదండీ?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: విడిగా ఉంటే సరైన ప్రశ్నే. కానీ బాబు రాసిన చోట అది ప్రశ్న కాదు, ‘తెలియదు’ అన్న క్రియకు కర్మగా వచ్చిన ఉపవాక్యం. తెలుగులో మనం ‘ఎక్కడున్నాడు తెలియదు’ అనం, ‘ఎక్కడున్నాడో తెలియదు’ అంటాం. ఆ ‘ఓ’ చేరగానే ప్రశ్న కాస్తా ఉపవాక్యం అవుతుంది. ఇంగ్లిష్ అదే పనిని వరస మార్చి చేస్తుంది. కర్త ముందుకు, క్రియ వెనక్కి: ‘ఐ డోంట్ నో వేర్ హి ఈజ్’.

బాబుకు ఇలా చెప్పండి: తెలుగులో ‘ఓ’ వినిపించిన చోట ఇంగ్లిష్‌లో మామూలు వాక్యం వరసే రాయాలి, ‘డు, డజ్, డిడ్’ పెట్టకూడదు. ‘వాట్ టైమ్ డజ్ ద లాస్ట్ మెట్రో లీవ్ మియాపూర్?’ అన్న ప్రశ్నను ‘ప్లీజ్ టెల్ మి’ తర్వాత పెట్టి చూడండి. ‘డజ్’ పోతుంది. అది మోస్తున్న ‘ఎస్’ వెళ్లి ‘లీవ్’కు అంటుకుంటుంది: ‘ప్లీజ్ టెల్ మి వాట్ టైమ్ ద లాస్ట్ మెట్రో లీవ్స్ మియాపూర్’. చివర ప్రశ్న గుర్తు కాదు, ఫుల్‌స్టాప్. పిల్లలు ‘డజ్’ తీసేయడం త్వరగానే నేర్చుకుంటారు, ఆ ‘ఎస్’ను మరిచిపోతారు. దిద్దేటప్పుడు అక్కడ చూడండి.

దీనికి తోడు ఇంకొకటి. ‘ఎక్కడికెళ్తున్నావని అడిగాడు’ అన్నదాంట్లోని ‘అని’ని పట్టుకుని ‘హి ఆస్క్‌డ్ దట్ వేర్ ఐ వాజ్ గోయింగ్’ అని రాసేస్తుంటారు. ‘వేర్’ తానే కలిపే మాట, దాని ముందు ‘దట్’ రాకూడదు. అవునా కాదా అనే రకం ప్రశ్నయితే ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ వాడాలి. వెంటనే ‘ఆర్ నాట్’ వచ్చినా, ‘టు’తో క్రియ వచ్చినా ‘వెదర్’ ఒక్కటే పనికొస్తుంది.

ప్రశ్న: ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ తప్పంటున్నారు. వాన పడేది రేపు కదా! మరి ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ ఎలా ఒప్పవుతుంది?
— డిగ్రీ విద్యార్థిని, ఉప్పల్

జవాబు: చాలామంది అడగని మంచి ప్రశ్న అడిగారు. కాలాన్ని, షరతును చెప్పే ఉపవాక్యంలో భవిష్యత్తును ప్రధాన వాక్యమే చూపిస్తుంది. ఉపవాక్యంలో వర్తమానం చాలు: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే ఎట్ హోమ్’. ‘వెన్, అంటిల్, బిఫోర్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్’ అన్నీ ఇంతే. ‘వాడు వచ్చినప్పుడు చెప్తాను’ అంటే ‘ఐ విల్ టెల్ హిమ్ వెన్ హి కమ్స్’.

మీ రెండో వాక్యం వేరే జాతి. ‘ఎప్పుడు వస్తాడో’ అని అక్కడ ‘ఓ’ ఉంది చూడండి. అది కాలం చెప్పడం లేదు, నాకు తెలియని సంగతేమిటో చెబుతోంది. కాబట్టి ‘విల్’ ఉండొచ్చు, ఉండాలి కూడా. ‘వచ్చినప్పుడు’ అయితే ‘విల్’ లేదు. ‘ఎప్పుడు వస్తాడో’ అయితే ఉంది. ఒకే ‘వెన్’ చేసే రెండు పనులను తెలుగు ఇంత స్పష్టంగా విడదీసి చూపిస్తుంది. ఆ సాయం తీసుకోండి.

మరోచోట మాత్రం తెలుగు విడదీయదు, ఇంగ్లిష్ విడదీస్తుంది. ‘వాన పడినా వెళ్తాం’, ‘వాన పడినా వెళ్లాం’ రెండింట్లోనూ ‘పడినా’ ఒక్కటే. మొదటిదాంట్లో వాన ఇంకా పడలేదు: ‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ గో’. రెండోదాంట్లో పడింది: ‘ఈవెన్ దో ఇట్ రెయిన్‌డ్, వి వెంట్’. చివరి క్రియ చూశాకే ఏ మాటతో మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఆ చివరి క్రియ కోసం ఆగకుండా రాయడం మొదలుపెడితే ఇక్కడ పొరపాటు తప్పదు.

ప్రశ్న: ‘అంటిల్ యు డోంట్ పే ద ఫీ, వి కెనాట్ ఇష్యూ ద హాల్ టికెట్’ అని నోటీసు టైప్ చేశాను. సరిగ్గా ఉందా?
— కాలేజీ ఆఫీసు ఉద్యోగి, మెహిదీపట్నం

జవాబు: ‘డోంట్’ తీసేయండి. ‘కట్టేదాకా ఇవ్వలేం’, ‘కట్టనంతవరకు ఇవ్వలేం’ తెలుగులో రెండూ నడుస్తాయి. రెండోదాంట్లోని ‘కట్టని’ మీ ‘డోంట్’ అయింది. మన ఊళ్లో రోజూ చెవిన పడే ఉర్దూలో కూడా ‘జబ్ తక్’ పక్కన ‘నహీ’ వస్తుంది కాబట్టి ఈ తప్పు ఇక్కడ గట్టిగా నాటుకుంది. ‘అన్‌లెస్’లో ‘కాకపోతే’ ముందే ఇమిడి ఉంది, ‘అన్‌లెస్ యు పే’ అంటే చాలు.

ప్రశ్న: ఆఫీసు మెయిల్‌లో ‘ద రిపోర్ట్ ఈజ్ లేట్. బికాజ్ ద సర్వర్ వాజ్ డౌన్.’ అని రాస్తే మేనేజర్ ఎరుపు గీత పెట్టారు. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి.
— ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: తెలుగులో ‘ఎందుకంటే’తో కొత్త వాక్యం హాయిగా మొదలవుతుంది. ‘బికాజ్’తో మొదలైన ఉపవాక్యం ఒంటరిగా నిలవదు. మధ్యలో ఉన్న ఫుల్‌స్టాప్ తీసేసి రెండింటినీ కలపండి. కామా కూడా అక్కర్లేదు. ‘బికాజ్’ ముక్క ముందుకొస్తే మాత్రం అది ముగిసే చోట కామా పెట్టండి: ‘బికాజ్ ద సర్వర్ వాజ్ డౌన్, ద రిపోర్ట్ ఈజ్ లేట్’. తర్వాత క్రియ లేకుండా ఒక్క నామవాచకమే వస్తే ‘బికాజ్ ఆఫ్’: ‘బికాజ్ ఆఫ్ ద సర్వర్ ప్రాబ్లమ్’. ‘ఆల్దో’కూ ‘డిస్పైట్’కూ, ‘వైల్’కూ ‘డ్యూరింగ్’కూ ఉన్న తేడా కూడా ఇదే.

మీ మెయిల్ చివర ‘కాల్ మి ఇన్ కేస్ యు హావ్ డౌట్స్’ అని ఉంది. ఇక్కడ ‘ఇఫ్’ రాయండి. ‘ఇన్ కేస్’ అంటే ‘ఏమోనని’. ‘టేక్ ఎన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’ అంటే వాన పడుతుందేమో, ఇప్పుడే గొడుగు తీసుకెళ్లమని. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అంటే వాన పడితేనే తీసుకెళ్లమని. మీ అసలు ఉద్దేశం ‘సందేహముంటే ఫోన్ చేయండి’ అనే కదా.