డ్రైయర్ కొనే ముందు 200 యూనిట్ల లెక్క చూసుకోండి

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఇద్దరు చిన్నపిల్లలు. వానాకాలం వస్తే బట్టలు ఆరడమే పెద్ద టెన్షన్. 42,000 రూపాయల డ్రైయర్‌ను 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాం. నెలకు 3,500 కట్టగలం. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో రోజు విడిచి రోజు ఉతుకుతాం, పిల్లల బట్టలు ఉంటాయని 60 డిగ్రీల వేడిలోనే. కరెంటు నెలకు 190 యూనిట్లు కాలుతుంది. కొనమంటారా?

జవాబు: ఈ ఏడాదికి వద్దంటాను. ఈఎంఐ మీకు భారం కాకపోవచ్చు. నా భయం మీ మీటర్ 190 దగ్గర ఉండడం గురించి.

బాగా పిండిన 5 కిలోల కాటన్ బట్టల్లో కూడా దాదాపు రెండున్నర లీటర్ల నీళ్లు మిగులుతాయి. లీటరు నీటిని ఆవిరి చేయడానికే కనీసం 0.63 యూనిట్ కావాలి. బయటికి పోయే వేడి కూడా కలుపుకుంటే మామూలు డ్రైయర్ ఒక్కో లోడ్‌కు సుమారు 3 యూనిట్లు తీసుకుంటుంది. నెలకు 15 సార్లంటే 45 యూనిట్లు. మీ మీటర్ 235కి చేరుతుంది.

అసలు దెబ్బ తగిలేది అక్కడే. తెలంగాణలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్‌కు 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. 200 దాటితే ఆ మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, పైవాటికి 7.70. ఫిక్స్‌డ్ చార్జీల వంటివి పక్కన పెడితే 190 యూనిట్లకు మీ బిల్లు 772 రూపాయలు. 235కి 1,289.50. అంటే డ్రైయర్ కాల్చే 45 యూనిట్లకు మీరు 517 రూపాయలు ఎక్కువ కడతారు, యూనిట్ 11 రూపాయల పైనే. బయటికి పోయే వేడినే మళ్లీ వాడుకునే హీట్ పంప్ డ్రైయర్ అయితే కరెంటు దాదాపు సగమే, కానీ దానితోనూ 200 దాటుతారు. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం మీకు ఉందో లేదో రాయలేదు. ఉంటే మరీ నష్టం, 200 దాటిన నెల బిల్లు మొత్తం మీరే కట్టుకోవాలి.

ఆంధ్రలో ఉన్నవాళ్లకు ఇలా వెనక్కి వెళ్లి రేటు పెంచడం లేదు. అయినా 225 దాటాక యూనిట్ 8.75 అని గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ మెషీన్ సంగతి. 15 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికే 0.6 యూనిట్ అవుతుంది. రోజువారీ బట్టలకు అంత వేడి అక్కర్లేదు, చన్నీళ్లు చాలు. జ్వరంగా ఉన్నవాళ్ల దుప్పట్లు, బాగా మురికైన గుడ్డలకు మాత్రం 60 ఉంచండి, అక్కడ పొదుపు చూడకండి. మిగతావన్నీ చన్నీళ్లలో ఉతికితే నెలకు 8, 9 యూనిట్లు మిగులుతాయి.

ఆ మిగిలినవాటితోనే బట్టలు ఆరబెట్టుకోవచ్చు. కాటన్ బట్టలకు స్పిన్ వేగం (నిమిషానికి చుట్లు) 1200 లేదా 1400 పెట్టండి. పట్టు, జార్జెట్ చీరలకు వద్దు. నీటిని వేడితో పోగొట్టడం కంటే తిప్పి పిండేయడం ఎన్నో రెట్లు చవక, కాబట్టి టవళ్లు, జీన్స్ విడిగా వేసి రెండోసారి స్పిన్ ఇవ్వడానికి వెనకాడకండి. తర్వాత హాల్లో స్టాండ్ మీద బట్టలకీ బట్టలకీ మధ్య ఖాళీ వదిలి ఆరేసి, ఫ్యాన్ వేసి, ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి. కిటికీ మూసేస్తే గదిలో తేమ పెరిగి బట్టలు ముక్కిన వాసన వస్తాయి. 75 వాట్ల ఫ్యాన్ 8 గంటలు తిరిగితే 0.6 యూనిట్. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే పావు యూనిట్. ఆ గదిలో ఫ్యాన్ ఎలాగూ పాతబడి ఉంటే మార్చేయండి, ఏడాదంతా పనికొస్తుంది.

వాషర్-డ్రైయర్ అని రెండూ కలిపి వచ్చే మెషీన్ చూపిస్తారు. ఉతికే సామర్థ్యం 8 కిలోలు ఉంటే ఆరబెట్టేది 5 కిలోలే ఉంటుంది చాలా మోడళ్లలో, ఫుల్ లోడ్‌ను రెండుసార్లు ఆరబెట్టాల్సి వస్తుంది. నో-కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు లోపల లెక్కగట్టే వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ చాలాసార్లు మీ కార్డుకే పడతాయి. బిల్లింగ్ పేజీ కింద చిన్న అక్షరాలు చదవండి.

ఆ 3,500ను ఏడాదిపాటు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. వచ్చే వానాకాలానికి కూడా ఇబ్బంది అలాగే ఉంటే, ఆ డబ్బు సరిపోతే అప్పు లేకుండా హీట్ పంప్ డ్రైయరే కొనుక్కుని వాన పడే నెలల్లో మాత్రమే వాడండి.