దీపావళి లోపు లక్కీ కోసం చేయాల్సినవి

కాకినాడ

చి. సౌ. శైలజకు మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి మనసంతా మీ కుక్క లక్కీ మీదే ఉంది. నిమజ్జనం ఊరేగింపు మీ సందులోంచి వెళ్తుంటే వాషింగ్ మెషీన్ వెనక దూరిందనీ, అర్ధరాత్రి దాకా బయటికి రాలేదనీ, పెట్టిన అన్నం ముట్టలేదనీ అన్నావు. "రెండు మూడు పండగలు పోతే అదే అలవాటు పడుతుంది" అని అల్లుడుగారు అన్నారట. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. పశువైద్యశాలలో పనిచేసినన్నాళ్లూ దీపావళి మర్నాడు నా దగ్గరికి ఎక్కువగా వచ్చినవి భయంతో దెబ్బలు తగిలించుకున్న కుక్కలే. గోళ్లు ఊడేలా తలుపు గీకినవి, గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నవి, తాడు తెంపుకుని పారిపోయి రోడ్డు మీద బండి కింద పడ్డవి. వీటిలో చాలా వరకు ముందు జాగ్రత్తతో ఆపగలిగినవే.

అల్లుడుగారి మాటకు ముందు జవాబు చెప్తాను. అలవాటు పడదమ్మా. మోతకు హడలిపోయే కుక్కను అలా వదిలేస్తే ఏటికేడు భయం ముదురుతుంది. ఈ ఏడు లక్ష్మీ బాంబుకు వణికింది, వచ్చే ఏడు సీమ టపాకాయలకు వణుకుతుంది. ఆ తర్వాత ఉరుము ఉరిమినా, తలుపు ధన్‌మన్నా, కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడుతుంది. అందుకని ఈ ఏడే పూనుకోవాలి. దీపావళికి ఇంకా నెలన్నర ఉంది, సరిపోతుంది.

మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వింటుంది, కుక్క చెవి 45 వేల దాకా వింటుంది. మనకు వినపడనంత దూరపు చప్పుడు కూడా దానికి అందుతుంది. అంతటి చెవి దగ్గర బాంబు పేలితే ఎలా ఉంటుందో ఊహించుకో. పైగా ఆ మోత ఎటు నుంచి వస్తుందో, మళ్లీ ఎప్పుడు వస్తుందో, ఎప్పటికి ఆగుతుందో దానికి తెలియదు. నేల అదురు, మందు వాసన, ఆకాశంలో మెరుపులు, అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

భయం మొదలైందని వణుకు కంటే ముందే తెలుసుకోవచ్చు. నిద్ర రాకుండానే పదే పదే ఆవలిస్తుంది. తిండి ఏమీ లేకపోయినా పెదాలు, ముక్కు నాక్కుంటుంది. చెవులు వెనక్కి అంటుకుపోతాయి, కళ్లల్లో నల్లగుడ్డు పెద్దదవుతుంది. చల్లటి గదిలో కూడా రొప్పుతుంది, సొంగ కారుస్తుంది. తోక కాళ్ల మధ్యకు పోతుంది. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి ఊరికే తిరుగుతుంది. వీటిలో రెండు మూడు కనపడగానే నువ్వు చేతిలో పని ఆపి దాని దగ్గరికి వెళ్లాలి. బిక్కచచ్చి మూలన నక్కేదాకా ఆగితే అప్పుడు చేయగలిగింది తక్కువ.

ఇప్పుడు మొదలుపెట్టాల్సిన పనులు రెండు.

మొదటిది, దానికో చోటు. అది వాషింగ్ మెషీన్ వెనకే ఎందుకు దూరిందో చూశావా? ఇరుకు, చీకటి, మూడు వైపులా అడ్డం. అది వెతుక్కునేది అలాంటి చోటునే, కాబట్టి అలాంటిదే నువ్వు మంచి చోట ఏర్పాటు చెయ్యి. మీ ఫ్లాట్‌లో రోడ్డు వైపు కిటికీ లేని గది లోపలి పడగ్గదే కదా. అక్కడ మంచం కిందో, బీరువా పక్కనో పాత బొంత మడిచి వెయ్యి. పైన దుప్పటి వేలాడదియ్యి. ఒంటి మీద నుంచి తీసిన నీ పాత చీరో, నైటీయో ఉతక్కుండా అందులో పెట్టు. నీ వాసన ఉంటే దానికి ధైర్యం. రోజూ ఒక పూట అన్నం అక్కడే పెట్టు, మధ్యాహ్నం అక్కడే పడుకోనివ్వు. దీపావళి నాటికి ఆ మూల దానిదై ఉండాలి. ఆ రోజే కొత్తగా తీసుకెళ్లి గదిలో పెడితే అది జైలే అవుతుంది. తలుపు గడియ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. బయటికి రావడానికి దారి ఉందని దానికి తెలియాలి.

రెండోది చప్పుడుతో సాధన. దీని మీద కాస్త శ్రద్ధ పెట్టు. ఫోన్లో టపాకాయల చప్పుడు వీడియోలు బోలెడు దొరుకుతాయి. సౌండ్ బాగా తగ్గించి, లక్కీ ఒక చెవి అటు తిప్పి మళ్లీ తన పనిలో పడేంత తక్కువలో పెట్టు. చప్పుడు రాగానే ఉడికించిన చికెన్ ముక్క ఒకటి నోటికి అందించు. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించాలి. ముక్క గోరంత ఉంటే చాలు. ఇక్కడ వరస ముఖ్యం. ముందు చప్పుడు, వెంటనే ముక్క. ముక్క ముందు ఇచ్చి తర్వాత చప్పుడు పెడితే, చికెన్ కనపడగానే మోత వస్తుందని నేర్చుకుని చికెన్‌కే భయపడుతుంది. ఇలా తప్పు చేసి, ఇష్టంగా తినే తిండికి కూడా కుక్క దూరంగా జరిగిన ఇళ్లు నేను చూశాను.

రోజుకు ఐదు నిమిషాలు చాలు. రెండు మూడు రోజులు హాయిగా ఉంటేనే సౌండ్ ఒక్క గీత పెంచు. ముక్క పట్టుకోవడం మానేసిందంటే నువ్వు తొందరపడ్డావని అర్థం. ఆ రోజుకు ఆపేసి మర్నాడు రెండు గీతలు తగ్గించి మొదలుపెట్టు. ఫోన్లో చప్పుడుకు నేల అదరదు, మందు వాసన రాదు, కాబట్టి దీంతోనే భయం మొత్తం పోతుందని ఆశ పెట్టుకోకు. సగం తగ్గినా లాభమే. దీపావళికి వారం ముందు నుంచి పిల్లలు సందుల్లో పేల్చడం మొదలుపెడతారు కదా, అప్పటి నుంచి ఫోన్ సాధన ఆపేసి, బయట నిజంగా ఏది పేలినా వెంటనే ముక్క ఇస్తూ ఉండు.

డాక్టరు గారి దగ్గరికి ఈ వారంలోనే తీసుకెళ్లు. తిండి మానేసి గంటల తరబడి దాక్కునే కుక్కకు మందు అవసరం పడొచ్చు, అందులో తప్పేం లేదు. గాబాపెంటిన్, ట్రాజోడోన్, ఆల్ప్రజోలామ్ లాంటివి దాని బరువు, వయసు, గుండె, లివరు చూసి రాస్తారు. ఏ మందు రాసినా పండగకు ముందే ఒక మామూలు రోజున ఒకసారి వేసి చూడాలి, ఎలా పనిచేస్తుందో అప్పుడే తెలుస్తుంది. పండగ రోజు మోత మొదలవకముందే వేయాలి. భయం తలకెక్కాక వేసిన మాత్ర పెద్దగా పనిచేయదు. ఏస్‌ప్రోమజిన్ ఒక్కటే ఇస్తామంటే మాత్రం వేరే మందు ఉందేమో అడుగు. అది ఒళ్లు తూలేలా చేస్తుంది తప్ప భయాన్ని తీసేయదు. కుక్క కదల్లేక పడి ఉంటుంది, చూసేవాళ్లు నిద్రపోయిందనుకుంటారు, లోపల దానికి అంతా వినపడుతూనే ఉంటుంది. మీ పక్కింటావిడ చెప్పినట్టు మనం వేసుకునే నిద్రమాత్ర సగం విరిచి వేయడం లాంటివి అసలొద్దు. దెబ్బ తగిలిందని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కూడా వేయకూడదు. కుక్కకు అవి విషం.

వెళ్లినప్పుడు కీళ్లు, నడుము కూడా చూడమను. లక్కీ ఇంతకుముందు రోడ్డు మీద బండి దెబ్బ తిన్నదన్నావు. కుక్క ఒంట్లో నొప్పికీ చప్పుడు భయానికీ సంబంధం ఉండొచ్చని 2018లో ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాశారు. ఉలిక్కిపడ్డప్పుడు కండరాలు బిగుసుకుని నొప్పి కలుక్కుమంటుంది, ఆ నొప్పిని అది చప్పుడుతో ముడిపెట్టుకుంటుంది. నొప్పికి వైద్యం జరిగితే భయమూ కొంత దిగుతుంది.

ఇక పండగ రోజు. పొద్దున్నే బాగా నడిపించు. సాయంత్రం నాలుగు లోపు మళ్లీ ఒకసారి తిప్పి, ఒకటికి రెంటికి వెళ్లాక లోపలికి తెచ్చెయ్యి. మెడ పట్టీ ఒక్కటే ఉంటే హడలినప్పుడు తల వెనక్కి లాగి జారిపోతుంది, అందుకని ఛాతీకి కట్టే హార్నెస్ కూడా వేసి రెండిటికీ తాడు తగిలించు. పట్టీ మీద నీ ఫోన్ నంబరు ఉండాలి. ఐదింటికల్లా పెరుగన్నం పెట్టేయ్, చీకటి పడ్డాక అది తినదు. దీపాలు వెలిగించే ముందే లోపలి గదికి తీసుకెళ్లు. తోక తగిలి ప్రమిద ఒరిగితే ప్రమాదం.

కిటికీలు, బాల్కనీ తలుపు మూసి కర్టెన్లు దించు. తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కు. గదిలో లైటు వెలగనివ్వు, అప్పుడు బయటి మెరుపులు అంతగా కనపడవు. ఫ్యాను తిప్పి, టీవీ మామూలు సౌండ్‌లో పెట్టు. గిన్నె నిండా నీళ్లుంచు, రొప్పే కుక్కకు దాహం ఎక్కువ. స్వీట్లు ఇవ్వడానికి వచ్చేవాళ్లకు వీధి తలుపు తీసేటప్పుడే కుక్కలు పారిపోతాయి. ఆ సాయంత్రం తలుపు తీసే పని అల్లుడుగారు ఒక్కరే చూసుకోవాలి, లక్కీ గది తలుపు దగ్గరికి వేసి ఉందని చూశాకే తీయాలి.

పక్కన నువ్వుండు. దగ్గరికి వస్తే ఒళ్లోకి తీసుకో, మెల్లగా నిమురు, మాట్లాడు. భయపడుతుంటే బుజ్జగిస్తే భయం అలవాటవుతుందని కొందరు చెప్తారు, అది తప్పు. భయం అది కావాలని చేసే పని కానప్పుడు బుజ్జగింపుతో పెరగదు. నువ్వు దగ్గరుంటే దాని గుండె దడ తగ్గుతుంది. మంచం కిందే ఉంటానంటే ఉండనివ్వు, బయటికి లాగకు. తిట్టకు, కొట్టకు, ధైర్యం వస్తుందని బాల్కనీలోకి ఎత్తుకెళ్లకు. చున్నీ ఛాతీ చుట్టూ కాస్త బిగువుగా చుడితే కొన్ని కుక్కలు కుదుటపడతాయి, కొన్ని చికాకు పడతాయి. అది కూడా ముందే ఒకటి రెండు సార్లు చుట్టి చూడు, చుట్టినప్పుడు రెండు వేళ్లు లోపలికి దూరాలి. చెవుల్లో దూది కుక్కడం వద్దు, లోపలికి జారితే డాక్టరే తీయాలి.

మీ అపార్ట్‌మెంట్ వాళ్లతో వారం ముందే మాట్లాడు. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోకుండా మెట్లెక్కి ఇంటికెళ్లి అడుగు. చిచ్చుబుడ్లు, మతాబులు, భూచక్రాలు కాల్చుకోమను, బాంబులు మాత్రం మీ బ్లాకుకు దూరంగా, ఒక టైములో కాల్చమను. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మోత చేసే టపాకాయలు కాల్చకూడదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. 2018లో దీపావళికి 8 నుంచి 10 దాకా రెండు గంటలకు కుదించింది. పేలిన చోటు నుంచి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాకాయల అమ్మకం మీద 1999 నుంచి నిషేధం ఉంది. ఇవి తెలిసి ఉంటే మంచిదే కానీ పెద్దవాళ్ల ముందు మొదటే చట్టం తీయకు, లక్కీని చూపించి అడుగు. పిల్లలకు నేపాల్ సంగతి చెప్పు. అక్కడ మన నరక చతుర్దశి నాడే కుక్కలకు బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, మంచి తిండి పెడతారు. పిల్లలు ఇలాంటివి విని ముచ్చట పడతారు, వాళ్లు ఒప్పుకుంటే పెద్దవాళ్లూ ఒప్పుకుంటారు.

కింద ఉండే వీధి కుక్కలను కూడా మర్చిపోకమ్మా. వాటికి మంచం కింద చోటు కూడా లేదు. ఆ ఒక్క రాత్రి సెల్లార్‌లో ఒక మూల పడుకోనిమ్మని వాచ్‌మన్‌కు చెప్పు, కర్రతో తరమొద్దను, నీళ్ల తొట్టి పెట్టించు. ఎవరైనా కుర్రాళ్లు వాటి తోకకు టపాకాయలు కడితే మాత్రం మెత్తగా మాట్లాడొద్దు. అది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, పోలీసులకు ఫోన్ చెయ్యి.

మర్నాడు పొద్దున రోడ్డంతా కాల్చిన కాగితాలు, పేలని టపాకాయలు ఉంటాయి. లక్కీ వాటిని వాసన చూసి నోట పెట్టుకుంటుంది. ఆ మందులో బేరియం, గంధకం ఉంటాయి, కడుపులోకి పోతే ప్రమాదం. ఊడ్చేదాకా ఆగి, తాడు పొట్టిగా పట్టుకుని తిప్పు. ఒకటి రెండు రోజులు అది మందకొడిగా ఉన్నా, తిండి తగ్గినా కంగారు పడకు. మూడో రోజుకి కూడా తినకపోతే, లేదా ఎప్పుడు వాంతులైనా డాక్టరుకు చూపించు. చికెన్ ముక్కల డబ్బా అప్పుడే తీసేయకు. మన గోదావరి వైపు వాళ్లు మీ అపార్ట్‌మెంట్లో చాలామంది ఉన్నారు కదా, మిగిల్చిన టపాకాయలన్నీ నాగుల చవితికి బయటికి తీస్తారు. ఆ సాయంత్రానికి కూడా ఇవే ఏర్పాట్లు ఉండాలి.

డాక్టరు గారు రాసిన చీటీ ఫొటో తీసి నాకు పంపు, చూసి చెప్తాను. అల్లుడుగారికి, పిల్లలకు ఆశీస్సులు. మీ అత్తయ్య నిన్ను అడిగినట్టు రాయమంది.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: పండగ పూట ఎవరైనా ముద్దుగా పాయసం పెడతారు. కిస్‌మిస్ ఉన్నది ఏదీ లక్కీ నోటికి వెళ్లనివ్వొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. చాక్లెట్ కూడా అంతే. పొరపాటున తింటే ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్నింటికి తిన్నది రాసుకుని వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఆ రాత్రి ఏ ఆసుపత్రి తెరిచి ఉంటుందో ముందే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించు.