1960ల అమెరికా బాల్యం నిజంగా అంత బాగుండేదా? కాన్సస్‌లో పెరిగిన నా జవాబు

మీ పక్కింటి అమెరికన్ పెద్దాయన ఎప్పుడు కదిపినా 1950, 60ల కబుర్లే చెబుతారనీ, అది నిజమా లేక వయసు మీదపడ్డ వాళ్లంతా పాడే పాటేనా అనీ అడిగారు. పిల్లల వరకు నిజమే. నేను 1958 నుంచి 1968 దాకా, అంటే ఆరేళ్ల వయసు నుంచి పదహారేళ్లు వచ్చేదాకా, కాన్సస్ రాష్ట్రంలో పెరిగాను. ఆయన చెప్పేవాటిలో చాలావరకు నేనూ చెబుతాను. మా అమ్మనడిగితే మాత్రం అందులో ఒక్కటి కూడా చెప్పేది కాదు. ఇద్దరం ఆ కాలమంతా ఒకే ఇంట్లో ఉన్నాం. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు అక్కడికెలా చేరామో చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో అమెరికాలో మనవాళ్లంటే వేళ్ల మీద లెక్క. 1946 చట్టం ప్రకారం ఇండియా మొత్తానికి ఏడాదికి ఇచ్చే వలస కోటా వంద మందికే. మిగతావాళ్లు చదువు పేరుతో వెళ్లాల్సిందే. నాన్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో పనిచేసేవారు. 1950ల్లో అమెరికా ప్రభుత్వ సాయంతో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లకీ మన రాష్ట్రానికీ ఒక ఏర్పాటు నడిచేది. అక్కడి ప్రొఫెసర్లు ఇటు వచ్చేవారు, ఇక్కడివాళ్లు అటు చదువుకోడానికి వెళ్లేవారు. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు కూడా వాళ్ల చెయ్యి ఉంది. అలా నాన్న పీహెచ్‌డీకి, ఆయన వెనకాల అమ్మా నేనూ.

ఊరి పేరు మాన్‌హాటన్. తెనాలిలో మా బంధువులు చాలాకాలం మేం న్యూయార్క్ మేడల మధ్య కాపురం ఉంటున్నామనే అనుకున్నారు. మాది గోధుమలూ గొడ్లూ ఉండే కాన్సస్ మాన్‌హాటన్. చుట్టూ ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టలు. పక్కనే ఫోర్ట్ రైలీ సైనిక స్థావరం, అక్కడ ఫిరంగులు పేల్చి ప్రాక్టీసు చేస్తుంటే మా కిటికీ అద్దాలు గలగలమనేవి. కొత్తలో అమ్మ ఉలిక్కిపడేది, తర్వాత అలవాటైపోయింది.

ఇక ఆ మజా సంగతి. ఎండాకాలం సెలవుల్లో పొద్దున్నే సీరియల్ తిని సైకిలెక్కితే మళ్లీ వీధి దీపాలు వెలిగాకే ఇంటికి. ఎక్కడికెళ్తున్నావని అడిగేవాళ్లు లేరు. హెల్మెట్ అన్న మాటే ఎవరూ ఎరగరు. జేబులో డబ్బు లేకపోతే కాలవగట్ల వెంబడి ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు ఏరేవాళ్లం, ఒక్కోదాన్ని కొట్లో వాపసిస్తే రెండు సెంట్లు. మట్టి కడిగి ఇవ్వకపోతే కొట్టాయన తీసుకునేవాడు కాదు. అందుకని పార్కులో కుళాయి దగ్గర కూర్చుని గడ్డిపరకలు చుట్టి, సీసాల మూతుల లోపల ఎండిపోయిన బురద గీకేవాళ్లం. పది సీసాలు దొరికితే ఆ పూటకి మేం షావుకార్లమే. చీకటి పడితే మిణుగురులు. పట్టి గాజు సీసాలో వేసి, మూతకి మేకుతో చిల్లులు పొడిచేవాళ్లం. అయినా తెల్లారేసరికి చచ్చిపోయేవి, పాపం.

ఊళ్లో పాయింట్జ్ అవెన్యూ మీద కార్నెగీ అనే కోటీశ్వరుడి డబ్బుతో కట్టిన పాత లైబ్రరీ ఉండేది. వేసవిలో అక్కడ చల్లగా, నిశ్శబ్దంగా ఉండేది. ఎవరి పిల్లవి అని అడక్కుండా కార్డిచ్చారు. చేతికి మోయగలిగినన్ని పుస్తకాలు ఇచ్చేవారు. నన్నడిగితే ఆ దేశంలో అన్నిటికన్నా గొప్ప సంగతి అదే. టీవీ, కార్లు, ఐస్‌క్రీం అన్నీ దాని తర్వాతే. యూనివర్సిటీ డెయిరీలో అమ్మే ఐస్‌క్రీం మాత్రం దానికి కాస్త పోటీ వచ్చేది.

ఏప్రిల్‌లో గుట్టలు తగలబెట్టేవారు. గొడ్లకు కొత్త గడ్డి బాగా మొలవాలని రైతులు ఎండిన గడ్డికి నిప్పు పెడతారు, ఇప్పటికీ చేస్తారు. పగలంతా ఊరి మీద పొగ కమ్ముకునేది. రాత్రి నాన్న పాత కారులో ఊరి బయటికి తీసుకెళ్తే, చీకట్లో గుట్టల అంచుల వెంబడి నారింజ రంగు గీతలు మెల్లగా కదులుతూ కనిపించేవి. మంట మోకాలెత్తు కూడా ఉండదు, కానీ ఎంత దూరం చూసినా ఉంటుంది. మొదటి ఏడాది ఊరు తగలబడిపోతోందని అమ్మ నగల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

భయాలు కూడా ఉండేవి, మీ పెద్దాయన చెప్పారో లేదో. స్కూల్లో అణుబాంబు డ్రిల్లు ఉండేది. గంట కొట్టగానే బల్ల కిందికి దూరి మెడ మీద చేతులు కట్టుకోవాలి. 1961 నుంచి కొన్నేళ్లు రాష్ట్ర రాజధాని టొపీకా చుట్టుపక్కల పొలాల్లో అణుబాంబులు మోసే అట్లాస్ క్షిపణులు ఉండేవి. యుద్ధమొస్తే ముందు మనమే పోతామని ఐదో తరగతి పిల్లలం ఎంతో తెలిసినట్టు చెప్పుకునేవాళ్లం. పోలియో భయం మాత్రం మా కళ్ల ముందే తగ్గిపోయింది. 60ల మొదట్లో చక్కెర బిళ్ల మీద మందు చుక్క వేసి ఇచ్చేవారు. ఊరంతా జిమ్‌లో వరసగా నిలబడింది. బిళ్ల తియ్యగా ఉందని నేను ఇంకోటి అడిగాను. నర్సమ్మ నవ్వి పొమ్మంది. 1966 జూన్ 8న టోర్నడో వచ్చింది. టొపీకాలో 16 మంది పోయారు, మా ఊళ్లోనూ ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ సాయంత్రం ఆకాశం పచ్చగా మారడం, బేస్‌మెంట్‌లో పక్కింటివాళ్లతో కలిసి రేడియో చుట్టూ కూర్చోవడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఇప్పుడు అమ్మ సంగతికొస్తాను.

అమ్మకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఊళ్లో తెలుగు మాట్లాడే కుర్రాళ్లు యూనివర్సిటీలో కొందరుండేవారు, ఆడవాళ్లు మాత్రం చాలాకాలం లేరు. కారు నడపడం రాదు. నాన్న పొద్దున పోతే ల్యాబ్ నుంచి రాత్రికే రావడం. నేను వీధుల మీద తిరిగిన ఆ పగళ్లన్నీ ఆవిడ ఒక గదిలో రేడియో పెట్టుకుని గడిపింది. నాకు స్వేచ్ఛగా తోచిన ఖాళీ రోడ్లే ఆవిడకి మనుషులు లేని రోడ్లు. మంచు పడితే ఇక వారాల తరబడి గడప దాటేది కాదు. ఉత్తరాలు నీలం రంగు ఎయిరోగ్రాముల్లో వచ్చేవి, మడతల మీద కూడా చీమల్లాంటి అక్షరాలతో. మా తాతగారు పోయారన్న సంగతి పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది. ట్రంక్ కాల్ చేద్దామంటే నాన్న స్టైపెండు సరిపోదు, చేసినా తెనాలిలో ఎవరింటికి చెయ్యాలి? ఆ రోజు అమ్మ తలస్నానం చేసి వచ్చి మామూలుగా అన్నం వండింది. నాకు అర్థం కాలేదు. స్నేహితురాలి పుట్టినరోజుకి తీసుకెళ్లమని గొడవ చేశాను.

వంట గురించి చెప్పాలి, ఎందుకంటే అమ్మ అక్కడ గెలిచిన యుద్ధం అదొక్కటే. కందిపప్పు లేదు, చింతపండు లేదు, కరివేపాకు గురించి అడగనే వద్దు. పసుపు రంగు ఎండు బఠాణీ బద్దలతో పప్పు, పులుపుకి నిమ్మకాయ. క్రీమ్ ఆఫ్ వీట్ అని పొద్దున పూట పిల్లలకి జావ కాచే పొడి ఒకటుంది, దాంతో ఉప్మా. ఆవాలు కావాలంటే దోసకాయలు ఊరబెట్టే మసాలా పొట్లం కొని, అందులోంచి ఏరుకోవడం. ఆ పని నాదే. పళ్లెంలో పోసుకుని ధనియాలు ఒకవైపు, మిరియాలు ఒకవైపు, ఆవాలు ఒకవైపు. పెరుగైతే గ్యాస్ ఓవెన్‌లో తోడు పెట్టేది. ఆ ఓవెన్లలో పైలట్ మంట చిన్నగా ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. మజ్జిగ కలిపిన పాల గిన్నె రాత్రి లోపల పెడితే పొద్దున్నకి తోడుకునేది. కొత్తగా వచ్చే స్టూడెంట్ ఎవరైనా ఆవకాయ తెస్తే మా ఇంట్లో ఆ రోజు పండగ. సరుకులు కొన్నప్పుడల్లా కొట్టువాళ్లు ఇచ్చే ఆకుపచ్చ స్టాంపులు తడి స్పాంజితో అద్ది పుస్తకాల్లో అంటించి, అవి నిండాక అమ్మ ఒక బ్లెండర్ తెచ్చుకుంది. దాంట్లో మొదటగా చేసింది పుల్ల ఆపిల్‌తో పచ్చడి. మామిడికాయ అనుకుని తినమంది. ఎవరూ అలా అనుకోలేకపోయాం గానీ, గిన్నె ఖాళీ అయింది.

ఇల్లు దొరకడం ఇంకో కథ. నాన్న ఫోన్లో మాట్లాడితే ఇల్లుంది రమ్మనేవారు. తీరా వెళ్లి గుమ్మంలో నిలబడితే, ఇప్పుడే ఇచ్చేశాం అనేవారు. చివరికి యూనివర్సిటీ వాళ్లు పెళ్లైన విద్యార్థుల కోసం కట్టిన క్వార్టర్సే గతి అయింది. ఇంటి విషయంలో రంగు చూసి కాదనడాన్ని దేశమంతటా చట్టవిరుద్ధం చేసింది 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. ఆయన ఆ జనవరిలోనే మా ఊరొచ్చి యూనివర్సిటీ జిమ్‌లో మాట్లాడారు. నాన్న వెళ్లారు, నేను స్కూల్లో ఉన్నాను. మా ఊరికి గంట దూరంలో ఉన్న టొపీకా నుంచే కదా, నల్ల పిల్లల్ని వేరే బళ్లకి పంపడం తప్పని 1954లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు వెళ్లింది. మేం వచ్చిన వేసవిలోనే విచిటాలో నల్లజాతి కుర్రకారు ఒక మందుల షాపు సోడా కౌంటర్ దగ్గర రోజుల తరబడి కూర్చుని, తమకూ వడ్డించేలా చేశారు. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. ప్రయాణాల్లో అమ్మని చీరే కట్టుకోమని నాన్న ఎందుకు పట్టుబట్టేవారో కూడా తెలియదు. చీర చూస్తే విదేశీయులని హోటల్లో కూర్చోనిస్తారు, అదీ లెక్క.

మనుషులు చెడ్డవాళ్లని కాదు. 1963 నవంబర్ 22, శుక్రవారం, కెనెడీని కాల్చేశారని క్లాసులో స్పీకర్‌లో చెప్పారు. ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ మా సోఫాలో అమ్మ చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. అంతకుముందు ఆవిడ మా గడప తొక్కలేదు. ఆ తర్వాత వారానికోసారైనా వచ్చేది, అమ్మకి డ్రైవింగ్ నేర్పింది కూడా ఆవిడే.

నాకు తగిలిన దెబ్బలు అమ్మవాటితో పోలిస్తే ఓ లెక్కా? అయినా ఒకటి చెబుతాను. స్కూల్ భోజనాల గదిలో వడ్డించే ఆవిడ ప్లేట్లో వదిలేసిన బఠాణీలు చూసి, ఇండియాలో పిల్లలు పస్తులుంటున్నారు తినండి అనేది. అంటే వరసంతా తిరిగి నన్ను చూసేవారు. ఒకరోజు పౌరుషం కొద్దీ రెండోసారి వేయించుకుని మరీ తిన్నాను. ఇంకో చిత్రం, అది పూర్తిగా అబద్ధమూ కాదు. 1965, 66ల్లో ఇక్కడ వానల్లేక కరువొస్తే ఓడల మీద వచ్చింది అమెరికా గోధుమలే. వాటిని పంపే పీఎల్-480 చట్టం మీద 1954లో సంతకం పెట్టిన ఐసన్‌హోవర్ మా పక్క ఊరు అబిలీన్‌లో పెరిగినవాడు. మా ఊరి రైలు పట్టాల పక్కన తెల్లటి గోధుమ గాదెలు ఆకాశమంత ఎత్తుండేవి. వాటి ముందు నుంచి పోతున్నప్పుడల్లా నాన్న మాటలు ఆపేసేవారు.

1968 వేసవిలో తిరిగొచ్చాం. నాన్నకి రాజేంద్రనగర్‌లో ఉద్యోగం. బొంబాయిలో దిగగానే అమ్మ ముఖం చూడాలి! నేను మాత్రం ఏడాది పాటు ఏడుస్తూనే ఉన్నాను. అమెరికాలో పెరిగి, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం మాత్రం హైదరాబాద్‌లో రేడియోలో విన్నాను. అప్పటికి ఇక్కడ టీవీ లేదు. ఆ 1969లోనే తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు కూడా మూతపడ్డాయి. పోగొట్టుకున్న లైబ్రరీ కార్డు తల్చుకుంటూ ఇంట్లో కూర్చున్నాను.

కాబట్టి మీ పెద్దాయన గొప్పలు చెప్పుకుంటున్నారని అనుకోకండి. ఆ సైకిళ్లు, ఆ సాయంత్రాలు ఉన్నాయి. అయితే అవి పిల్లలకి ఉన్నాయి, అందులోనూ కొందరు పిల్లలకి. మా మూడో తరగతి టీచరమ్మ కడుపుతో ఉందని తెలియగానే ఏడాది మధ్యలో ఉద్యోగం మానాల్సొచ్చింది. అప్పట్లో చాలాచోట్ల రివాజు అదే. అక్కడ పెళ్లైన ఆడదానికి భర్త సంతకం అడక్కుండా అప్పు ఇవ్వాలని చట్టం వచ్చింది 1974లో. ఈసారి ఆయన కబుర్లు మొదలుపెట్టినప్పుడు, వాళ్ల అమ్మగారు ఆ మధ్యాహ్నాలు ఏం చేస్తుండేవారో అడగండి. ఆయనకి అక్కయ్య ఎవరైనా ఉంటే ఇంకా మంచిది, నేరుగా ఆవిణ్నే అడగొచ్చు. ఆవిడేమందో ఇక్కడ రాస్తే నేనూ చదువుతాను.