జీను కొనేశాను, గుర్రం కూడా కొనమంటారా?

ప్రశ్న: నా వయసు 41. ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను, వారానికి రెండు క్లాసులు. నేను ఎప్పుడూ ఎక్కే పద్నాలుగేళ్ల ఆడగుర్రాన్ని రైడింగ్ స్కూలు వాళ్లు అమ్మేస్తామంటున్నారు. ధర మా ఆరు నెలల పొదుపంత. ఇంకెవరో కూడా అడుగుతున్నారట, నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ఈ వయసులో సొంత గుర్రం లేకపోతే ఇక ముందుకు వెళ్లలేనేమో అని భయంగా ఉంది. చవగ్గా వస్తోందని పోయిన నెల ఒక పాత జీను కూడా కొనేశాను. ఇంటి అప్పు ఉంది. పాపకు పన్నెండేళ్లు. మావారు "క్లాసులు చాలవా?" అంటున్నారు. మా లెక్కలన్నీ జత చేశాను. కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఈ నెలాఖరుకైతే అసలు వద్దు.

జీను సంగతి చదవగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు అనే సామెతను ఇన్నేళ్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పార్కింగ్ జాగా ఉంది కదా అని కారు కొన్నవాళ్లకు చెప్పాను, డిస్కౌంట్ కూపన్ వచ్చింది కదా అని సోఫా మార్చినవాళ్లకు చెప్పాను. అక్షరాలా ఆ పనే చేయబోతున్నవాళ్లు నాకు ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

ఇక లెక్కల్లోకి వద్దాం. మీ కాగితాల్లో ఒక సదుపాయం కనిపించింది. ఒక క్లాసు ఫీజు, మీ ఇంటికి వచ్చే నెల ఆదాయంలో ఇంచుమించు నూరో వంతు. కాబట్టి డబ్బును పక్కనపెట్టి అన్నీ క్లాసుల్లోనే కొలుద్దాం. ఇంటి ఆదాయం నెలకు 100 క్లాసులు. అందులో ఇంటి అప్పు వాయిదా 30, ఇల్లు గడవడానికి, పాప చదువుకు కలిపి 33, పొదుపు 20, మీ స్వారీ 9. మిగతా 8 ఎటు పోతోందో తెలియడం లేదని మీరే రాశారు. ఆ మాట రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. చాలామంది అక్కడ "ఇతరాలు" అని రాసి చేతులు దులుపుకుంటారు.

స్వారీకి నూటికి తొమ్మిది అంటే తక్కువేమీ కాదు, అలాగని తప్పూ కాదు. పొదుపు సక్రమంగా జరుగుతోంది, అప్పు వాయిదా ఆగడం లేదు. ఉత్తరంలో రెండుచోట్ల "నా ఒక్కదాని సరదా కోసం" అని సంజాయిషీ రాసుకున్నారు. ఆ వాక్యాలు కొట్టేయండి. ఈ తొమ్మిదింటి గురించి మీరు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

గుర్రం వస్తే ఏమవుతుందో చూడండి. స్కూలు వాళ్లు శాలలో ఉంచుకుని మేత, మనిషి చాకిరీ చూసుకోవడానికి చెప్పిన రేటు మీ కొలతలో నెలకు 18. లాడాలకు, గిట్టలు చెక్కించడానికి సగటున 2. టీకాలు, నులిపురుగుల మందు, ఏడాదికోసారి పళ్లు అరగదీయించడం, వీటికి మరో 2. ఏదైనా జబ్బు చేస్తే ఉంటుందని పక్కన పెట్టాల్సింది కనీసం 3. ఇవి మొత్తం 25. గుర్రం సొంతమైనంత మాత్రాన మీకు ట్రైనర్ అవసరం తీరదు, వారానికి ఒక్క క్లాసైనా ఉండాలి, అది 4. మొత్తం 29. ఇప్పుడు పెడుతున్నది 9. తేడా 20. పైన పొదుపు ఎదురుగా ఉన్న అంకె ఎంతో ఒకసారి చూడండి.

మీరు నన్ను అడిగింది కొనే ధర గురించి. ధర 120 క్లాసులు. మీ అత్యవసర నిధిలో ఉన్నది రెండు నెలల ఇంటి ఖర్చు, అంటే 126. గుర్రాన్ని కొన్న రోజు సాయంత్రానికి ఆ నిధిలో ఆరు క్లాసుల డబ్బు మిగులుతుంది. అదే పెద్ద సమస్య అనుకుంటే పొరపాటే. పద్నాలుగేళ్ల గుర్రం ముసలిది కాదు. బాగా చూసుకుంటే గుర్రాలు 25, 30 ఏళ్లు బతుకుతాయి. ఇంకో 12 ఏళ్లే వేసుకుందాం. నెలకు 25 చొప్పున పోషణకే 3600 క్లాసులవుతాయి, రేట్లు పెరగవనుకుంటేనే. కొన్న ధరకు ముప్పై రెట్లు. అప్పటికి మీ పాపకు ఇరవై నాలుగేళ్లు. తన పైచదువుల ఖర్చంతా ఈ మధ్యలోనే వచ్చి వెళ్తుంది.

గుడ్డి గుర్రమైనా దాణాకు తక్కువ లేదు అన్నవాడెవడో గుర్రాన్ని పోషించినవాడే అయ్యుంటాడు. అయిదు వందల కిలోల గుర్రం రోజుకు పది కిలోల దాకా ఎండుగడ్డి తింటుంది, పాతిక నుంచి నలభై అయిదు లీటర్ల నీళ్లు తాగుతుంది. మీరు ఊళ్లో ఉన్నా లేకపోయినా, ఎక్కినా ఎక్కకపోయినా తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టల పని చేసే మనిషి రావాల్సిందే. దానికి కడుపునొప్పి వస్తే తెల్లారేదాకా ఆగడం కుదరదు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపల ఇరుక్కున్నది బయటికి వచ్చే దారి ఒక్కటే. అందుకే కడుపునొప్పి అనగానే గుర్రాలున్నవాళ్లు అర్ధరాత్రి అయినా డాక్టర్‌కు ఫోన్ చేస్తారు. ఆ రాత్రి బిల్లు ఎంతవుతుందో ముందే చెప్పేవాళ్లుండరు. ఆపరేషన్ దాకా వెళ్తే మీరు వేసుకున్న నెలకు 3 క్లాసుల నిధి ఏ మూలకూ రాదు.

నా దగ్గరకు వచ్చే ఒకాయన ఇలాగే కొన్నారు. నాలుగో నెలలో గుర్రం ముంగాలి స్నాయువు (టెండన్) దెబ్బతింది. నెలల తరబడి శాలలోనే ఉంచి, రోజూ కాసేపు చేత్తో పట్టుకుని నడిపించమన్నారు. ఆయన శాల అద్దె కడుతూ, డాక్టర్‌కు కడుతూ, స్వారీ మరిచిపోకుండా ఉండడానికి మళ్లీ స్కూలు గుర్రం మీద క్లాసులకు కూడా కట్టారు. సొంత గుర్రాన్ని చేత్తో నడిపిస్తూ, కంచె అవతల అద్దె గుర్రాలను చూస్తూ నిలబడేవాణ్నని చెప్పారు. అమ్మేద్దామంటే కుంటుతున్న గుర్రాన్ని ఎవరు కొంటారు? అయినా ఆయన అమ్మేవారు కాదు. ప్రేమ పెట్టుకున్నాక ఏ లెక్కా నిలవదని ఆయనే ఒప్పుకున్నారు. మీ విషయంలో నా భయమూ అదే. మీరు ఉత్తరంలో ఆ గుర్రాన్ని "అది" అని ఒక్కసారి కూడా అనలేదు, ఎక్కడ చూసినా "తను" అనే రాశారు.

మీవారు లేవదీసిన ఇంకో సంగతి ఉంది. మీరు పడితే ఏమిటి అని. దాన్ని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. నేను దాటలేను. ఇంటి ఆదాయంలో సగానికి పైగా మీ జీతమే. కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు పట్టీలో ఉంటే మీ పని సాగుతుందా? ఈ వారమే మీ జీవిత బీమా, ప్రమాద బీమా, ఆరోగ్య బీమా కాగితాలు బయటికి తీసి మినహాయింపుల పేజీ చదవండి. సాహస క్రీడలు, ప్రమాదకరమైన అలవాట్లు అనే మాటల కింద గుర్రపు స్వారీ వస్తుందా రాదా అని కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున పనికిరాదు. దరఖాస్తులో స్వారీ సంగతి అడిగినా రాయకుండా వదిలేసి ఉంటే ఇప్పుడైనా చెప్పండి. ప్రీమియం కాస్త పెరిగినా పెరగనివ్వండి. ఉద్యోగానికి వెళ్లలేని నెలల్లో ఆదాయం ఇచ్చే పాలసీ మీకు దొరికితే, నా దృష్టిలో గుర్రం కన్నా ముందు కొనాల్సింది అది.

హెల్మెట్ గురించి కూడా ఒక మాట. పోయిన ఏడాది పడ్డానని, తలకు ఏమీ కాలేదని, అదే హెల్మెట్ వాడుతున్నానని రాశారు. మార్చండి. లోపలి నురుగు పొర ఒక్కసారి నలిగితే పైకి గీత కూడా కనిపించదు, రెండోసారి మాత్రం తలను కాపాడదు. పొదుపు చేయడానికి మీకు వేరే చోట్లు చాలా ఉన్నాయి. కొత్త బూట్లు, నాలుగో ప్యాంటు ఎవరూ అడగలేదు.

మరి ఏం చేయాలంటారా? సగం లీజు అడగండి. వారానికి మూడు రోజులు గుర్రం మీది, మిగతా రోజులు స్కూలుదో ఇంకొకరిదో, పోషణ ఖర్చులో మీ వాటా మీరు కడతారు. శాల ఖర్చులో సగం 9, లాడాల్లో సగం 1, వారానికో క్లాసు 4. మొత్తం 14, ఇప్పటికన్నా 5 ఎక్కువ. ఎటుపోతోందో తెలియని ఆ 8లోంచి ఈ 5 తీయండి, పొదుపును ముట్టుకోకండి. మిగిలిన 3 అత్యవసర నిధికి వెళ్లాలి. ఇప్పుడు చేస్తున్న పొదుపులో సగం కూడా అటే మళ్లిస్తే ఇరవై నెలల్లో ఆ నిధి ఆరు నెలల ఖర్చుకు చేరుతుంది. రిటైర్మెంట్ కోసం వేస్తున్న మిగతా సగం ఆగదు.

లీజు మాటల మీద వద్దు, కాగితం మీద రాయించుకోండి. గుర్రం కుంటితే ఆ నెలల డబ్బు కట్టాలా, డాక్టర్ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల ముందు చెప్పి మానుకోవచ్చు, మధ్యలో వాళ్లు గుర్రాన్ని అమ్మితే మీకు ముందుగా అడిగే హక్కు ఉందా? ఈ నాలుగూ లేని కాగితం మీద సంతకం పెట్టకండి. నలభై క్లాసులకు ఒకేసారి కడితే డిస్కౌంట్ ఇస్తామన్నారని కూడా రాశారు. పది క్లాసులకు మించి ముందుగా కట్టకండి. వర్షం, గుర్రానికి జలుబు, ట్రైనర్ సెలవు, మీ ఆఫీసులో నెలాఖరు హడావుడి, వీటి మధ్య గడువు ఇట్టే అయిపోతుంది.

ఇక వయసు. లీజు చాలదు, సొంతం కాకపోతే ముందుకెళ్లలేను అన్న భయం గురించి నాకు చెప్పే అర్హత తక్కువే. నేను జీవితంలో ఒక్కసారి గుర్రమెక్కాను, అనుకున్నదానికన్నా ముందే దిగాను. కానీ మీ కాలపట్టికలో అర్హత లేనివాళ్లకు కూడా కనిపించేది ఒకటుంది. క్లాసు నలభై అయిదు నిమిషాలు, మీరు అక్కడ గడిపేది మూడు గంటలు. మాలిష్ చేయడం, గిట్టల్లో రాళ్లు తీయడం, జీను కట్టడం, విప్పడం, చల్లబడేదాకా నడిపించడం. ఎక్కాక మొదటి పది నిమిషాలు నడక, చివరి అయిదు నిమిషాలు నడక. మధ్యలో ట్రాట్‌లో, అంటే నడకకూ దౌడుకూ మధ్య ఉండే పరుగులో, ఏ అడుగుకు లేవాలో, ఏ అడుగుకు కూర్చోవాలో తప్పుతూ, "మడమలు కిందికి, చూపు ముందుకి" అని ట్రైనర్ అరుస్తుంటే సరిచేసుకుంటూ ఉండేది అరగంట. మీకు కావాల్సింది అలాంటి అరగంటలు ఇంకొన్ని. వాటిలో కొన్ని ఎవరూ అరవకుండా, ఒంటరిగా. అవి లీజులో దొరుకుతాయి.

జపాన్ రైడర్ హిరోషి హొకెట్సు 1964 టోక్యో ఒలింపిక్స్‌లో గుర్రంతో అడ్డంకులు దూకే పోటీలో పాల్గొన్నారు. తర్వాత ఉద్యోగం చేసుకుంటూ బతికారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్, అంటే గుర్రం చేత లెక్క ప్రకారం అడుగులు వేయించే పోటీకి దిగేనాటికి ఆయన వయసు 71. మీరు ఒలింపిక్స్‌కు వెళ్లాలని కాదు. 41 ఏళ్లకు తలుపులు మూసుకుపోతాయని నెలాఖరు గడువు పెట్టేవాళ్ల మాట నమ్మకండని.

ఆ గడువు సంగతి కూడా తేల్చండి. అమ్మకంలో ట్రైనర్‌కు కమీషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ఉండడం నేరమేమీ కాదు, మీకు తెలియకపోవడమే ఇబ్బంది. ఇంకెవరో నిజంగానే కొనేస్తే బాధ ఉంటుంది, ఆ మాట నేను కాదనను. ఒకటి రెండు రోజులు శాల వైపు వెళ్లబుద్ధి కాదు.

ఒకవేళ ఎవరూ కొనకుండా, ఏడాది తర్వాత కూడా మీకు ఇదే కోరిక ఉంటే, కొనకముందు ఒక పని చేయండి. అప్పటికి లీజుకు 14 కడుతుంటారు, సొంతమైతే 29 అవుతుంది. ఆ తేడా 15ను ఆరు నెలలు ప్రతి జీతం రోజున విడి ఖాతాలోకి పంపండి, గుర్రం కొనేశానని అనుకునే. పండగొచ్చినా, ఫ్రిజ్ పాడైనా దాంట్లో చెయ్యి పెట్టకూడదు. పెట్టాల్సి వచ్చిందంటే గుర్రం ఆ నెల పస్తున్నట్టు. ఆరు నెలలూ నిలబడితే ఆ ఖాతా పుస్తకం మీవారికి చూపించండి, నాకు మళ్లీ రాయండి. అప్పుడు మాత్రం స్కూలు వాళ్లకు సంబంధం లేని డాక్టర్‌ను పిలిపించండి. కాలు మడిచి నిమిషం పాటు పట్టుకుని, వదలగానే ట్రాట్‌లో పరిగెత్తించి చూస్తారు. ఆ మొదటి నాలుగడుగుల్లో కుంటు కనిపిస్తే మీకు చాలా డబ్బు మిగిలినట్టే. ఆ పరీక్షకు అయ్యే ఫీజు దగ్గర బేరాలాడకండి.

చివరిగా ఆ జీను. ప్రతి జీనూ ప్రతి వీపుకూ సరిపోదు. ఇరుకైతే భుజాల దగ్గర నొక్కుతుంది, వదులైతే వెన్నెముక మీద కూర్చుంటుంది. జీను సరిచూడడం తెలిసిన మనిషి చేత ఆ ఆడగుర్రం వీపు మీద పెట్టించి చూడండి. సరిపోతే లీజులో వాడుకోండి. సరిపోకపోతే తోలు ఎండిపోకముందే నూనె పట్టించి అమ్మేయండి, వచ్చిన డబ్బు కొత్త హెల్మెట్‌కు సరిపోవచ్చు. రికాబులు, వాటి పట్టీలు మాత్రం విప్పి ఉంచుకోండి. అవి మీ కాళ్ల కొలతవి, ఏ జీనుకైనా తగిలించుకోవచ్చు.