సిజేరియన్ అయిన మా చెల్లిని రాత్రంతా ఎవరూ చూడలేదు. నర్సులకు అంత నిర్లక్ష్యమా?

ఒంగోలులో మీ చెల్లికి సెలైన్, ఇంజెక్షన్లు టైముకే ఇచ్చారు గానీ, రాత్రంతా ఒక్కరూ వచ్చి ఎలా ఉన్నావని అడగలేదని రాశారు. నేను నెల్లూరు జిల్లాలో కాన్పుల వార్డులో పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. మా వాళ్లను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు, అందుకే ముందు నా తప్పే చెప్తాను.

ఒక రాత్రి మా వార్డులో ముప్పై మందికి పైగా బాలింతలు, నర్సును నేనొక్కదాన్నే. ఉదయగిరి వైపు అమ్మాయి, మామూలు కాన్పు. వార్డుకు తెచ్చినప్పుడు బీపీ చూశాను, బాగుంది. మళ్లీ చూడాల్సిన టైముకు ఇంకో బెడ్ దగ్గర ఫిట్స్ కేసుకు మెగ్నీషియం ఇస్తున్నాను. ఆ అమ్మాయి అమ్మమ్మ వచ్చి, "సిస్టరమ్మా, గుడ్డ మార్చి గంట కూడా కాలా, మళ్లీ తడిసిపోయుండాది" అంది. "వస్తా పో అవ్వా" అని కసిరాను. రెండోసారి ఆమె ఏమీ మాట్లాడలేదు. తడిసిన గుడ్డ తెచ్చి నా కళ్ల ముందు పట్టుకుని నిలబడింది.

పరిగెత్తాను. గట్టి బంతిలా చేతికి తగలాల్సిన గర్భసంచి పిండిముద్దలా మెత్తగా ఉంది. మూత్రసంచి నిండిపోయి దాన్ని పైకి, పక్కకి నెట్టేసింది. కాన్పయ్యాక ఆ పిల్ల ఒంటికి పోనేలేదు, సిగ్గుపడి చెప్పలేదు. నేనూ అడగలేదు. పైపు వేసి మూత్రం తీసి, గర్భసంచి మర్దన చేస్తూ డ్యూటీ డాక్టరును పిలిపించి, గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ మందు ఎక్కించాక రక్తం ఆగింది. తెల్లవారి కేస్ షీట్‌లో ఖాళీ గడులు నింపమన్నారు. చూడని బీపీలు 110/70 అని రాశాను.

మందులకు రౌండ్స్‌లో లెక్క చెప్పాలి. పొట్ట తడిమి చూశావా, ప్యాడ్ చూశావా, ఒంటికి పోయిందా అని అడిగావా, లేపి నడిపించావా, బిడ్డను రొమ్ముకు పట్టించావా అని మమ్మల్ని అడిగేవాళ్లు లేరు. చేతులు చాలనప్పుడు జారిపోయేవి ఇవే. అమెరికాలో బియాట్రిస్ కాలిష్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ నర్సులనే కూర్చోబెట్టి అడిగి 2006లో రాసిన జాబితాలోనూ నడిపించడం, పక్కకు తిప్పడం, శుభ్రత, ధైర్యం చెప్పడం లాంటివే ఉన్నాయి. గైనిక్ వార్డులోనూ ఇదే కథ. గర్భసంచి తీసేసిన పెద్దావిడ నొప్పికి భయపడి కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, లేపే మనిషి మాత్రం ఉండదు.

ఇప్పుడు మీరేం చేయాలంటే, "ఎవరూ పట్టించుకోవట్లేదు" అని గొడవపడకండి, ఆ మాట మేం రోజుకు యాభై సార్లు వింటాం. "మూత్రం పైపు తీసి ఐదు గంటలైంది, ఇంకా ఒంటికి పోలేదు సిస్టర్" అనండి, కదలని నర్సుండదు. ఆరు గంటల లోపు పోవాలి. మామూలు కాన్పయితే మొదటి బీపీ బాగున్నా ఆరు గంటల్లోపు రెండోసారి చూడాలి. రక్తస్రావం, గర్భసంచి, నాడి, జ్వరం మొదటి 24 గంటలూ చూస్తూనే ఉండాలి. ప్యాడ్ మార్చిన టైము ఒక కాగితం మీద రాసుకోండి, తడిసినవి పారేయకుండా కవర్లో ఉంచి చూపించండి. గంటలోపే ప్యాడ్ నిండినా, మనిషి చెమటలు పట్టి మగతగా ఉన్నా, తలనొప్పితో కళ్లు మసకలన్నా నర్సు కోసం ఎదురుచూడకుండా డాక్టరు గదికి పోండి. తల్లిది నెగెటివ్ రక్తం గ్రూపయితే బిడ్డ గ్రూపు రిపోర్టు మీరే వెంటపడి తెప్పించుకోండి. బిడ్డది పాజిటివ్ అయితే, తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం రాకుండా తల్లికి వేసే యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల్లోపు పడాలి.

కంప్లైంట్ పెట్టాలా అన్నారు. పెట్టండి. ఆ రాత్రి వార్డులో ఎంతమంది బాలింతలు, ఎంతమంది నర్సులు అని లెక్క రాసి సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. ఒక్క నర్సు పేరు రాస్తే ఆమెకు మెమో ఇస్తారు, వార్డు అలాగే ఉంటుంది. డబ్బులడిగి ఉంటే మాత్రం పేరుతోనే రాయండి, ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్ 2011 నుంచి పూర్తిగా ఉచితం.